బ్లేడు కోసి చూడకుండా టర్బైన్ ఆయుర్దాయం పెంచవద్దు
కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, థర్మల్ విభాగం సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ, విద్యుత్ చట్టం 11వ సెక్షన్ కింద గ్యాస్ ఆధారిత విద్యుత్ కేంద్రాలకు ఒక ఆదేశం ఇచ్చింది. మే 1 నుంచి జూన్ 30 వరకు, గిరాకీ ఎక్కువగా ఉన్న రోజుల్లో యంత్రాలు నడిపేందుకు సిద్ధంగా ఉండాలన్నది దాని సారాంశం. వడగాడ్పుల్లో ఆసుపత్రులు, ఇళ్లు చీకట్లో ఉండకూడదంటే అటువంటి ఆదేశం అవసరమే. నేను దాన్ని తప్పుపట్టడం లేదు. అయితే ఆ యంత్రాల్లో చాలావాటికి ఏళ్ల తరబడి సరిపడా గ్యాస్ అందలేదు. నడిచిన రోజుల కంటే ఆగిన రోజులే ఎక్కువ. ఇన్నాళ్ల తర్వాత వాటి లోపలి బ్లేడ్లు, అంటే వేడి వాయువు తాకిడికి తిరిగే లోహపు రెక్కలు, ఏ స్థితిలో ఉన్నాయన్న ప్రశ్న కూడా ఆ ఆదేశంతో పాటే వెళ్లవలసింది.

నేను గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగి, గ్యాస్ టర్బైన్ల నిర్వహణలోనూ ఆ తర్వాత లోహ పరీక్షల్లోనూ పనిచేసిన ఇంజనీరును. మిమ్మల్ని కోరేది ఒకే ఒక నిబంధన. తయారీ సంస్థ చెప్పిన గడువు దాటినా, టర్బైన్ దీర్ఘకాలం మూలపడి ఉన్నా, దాని వేడి భాగంలోని ప్రతి బ్లేడ్ల వరుస నుంచి కనీసం ఒక బ్లేడును కోసి లోహాన్ని పరీక్షించాలి. ఆ నివేదిక మీకు దాఖలైన తర్వాతే ఆ వరుసను మళ్లీ వాడనివ్వాలి.

మా ప్రాంతంలో ఈ యంత్రాల కథ అందరికీ తెలిసిందే. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, కాకినాడ, పెద్దాపురం, సామర్లకోట, ఇటు కొండపల్లి వరకు విద్యుత్ కేంద్రాలు లేచాయి. ఆ బేసిన్‌లోని కేజీ-డీ6 గ్యాస్ క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో శిఖరానికి చేరి, అంతే వేగంగా పడిపోయింది. దేశం మొత్తం మీద 14,305 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ సామర్థ్యం దేశీయ గ్యాస్ లేక నిలిచిపోయిందని ప్రభుత్వమే లెక్క తేల్చింది. 2015లో దిగుమతి చేసుకున్న గ్యాస్‌తో కొన్నిటిని కొంతకాలం నడిపారు. రాత్రింబవళ్లు ఒకే లోడు మీద నడవడానికి కొన్న యంత్రాలు ఇప్పుడు సాయంత్రం లేచి అర్ధరాత్రి ఆగుతున్నాయి. నెలల తరబడి కదలకుండా ఉండి, ఒక్కసారిగా పూర్తి లోడు ఎత్తుకుంటున్నాయి.

ఈ మార్పును బ్లేడు ఎలా అనుభవిస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. మన గ్రిడ్‌కు నేరుగా కలిపిన పెద్ద టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో, అక్షం నుంచి మీటరు దూరంలో ఉన్న ప్రతి కిలో లోహం దాదాపు పది టన్నుల బరువుతో బయటికి లాగుతుంది. అదే సమయంలో మొదటి వరుస బ్లేడుకు ఎదురుగా వచ్చే వాయువు వేడి 1,100 డిగ్రీల సెల్సియస్ పైమాటే. బ్లేడు తయారీలో విరివిగా వాడే నికెల్ మిశ్రమలోహం ఐఎన్-738 సుమారు 1,230 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. లోపలి నుంచి చల్లగాలి పంపి, పైన రక్షణ పూత పూసి, లోహాన్ని 850 డిగ్రీల ప్రాంతంలో ఉంచుతారు. అంత వేడిలో అంత బరువు మోసే లోహం ఏళ్ల తరబడి కంటికి కనబడనంత నెమ్మదిగా సాగుతుంది. దీన్నే క్రీప్ అంటాం. బ్లేడు నడిచిన గంటల లెక్క రాసేది ప్రధానంగా దీనికోసమే.

ఆపడం, లేపడం వల్ల జరిగే నష్టం వేరు. యంత్రం లేచేటప్పుడు బ్లేడు పలుచటి వెనుక అంచు ముందు వేడెక్కుతుంది, దళసరి మధ్యభాగం ఆలస్యంగా వేడెక్కుతుంది. ఒకటి వ్యాకోచించాలంటుంది, ఇంకొకటి పట్టి ఉంచుతుంది. ఆపేటప్పుడు ఇదే తిరగబడుతుంది. పూర్తి లోడు మీద ట్రిప్ అయితే, అంటే యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతే, ఎర్రగా కాలి ఉన్న లోహం మీదికి కంప్రెసర్ గాలి ఒక్కసారిగా వచ్చి పడుతుంది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తన భారీ టర్బైన్ల నిర్వహణ మార్గదర్శకాల్లో, పూర్తి లోడు నుంచి జరిగిన ఒక ట్రిప్‌ను ఎనిమిది మామూలు స్టార్ట్‌లతో సమానంగా లెక్కిస్తుంది. తన ఇ-తరగతి నమూనా యంత్రాన్ని మామూలుకంటే ఎక్కువ వేడి ఉండే పీక్ ఉష్ణోగ్రత మీద గంటసేపు నడిపితే బ్లేడుకు ఆరు గంటల ఖర్చు కిందే రాయమంటుంది. కాబట్టి కంట్రోల్ రూమ్ మీటరు చూపే గంటలను బట్టి బ్లేడు స్థితి తేల్చడం, పుట్టినరోజు చూసి గుండె జబ్బు లేదని చెప్పినట్టే.

గంటల లెక్క ఎంత సున్నితమైనదో ఒక చిన్న గణితంతో చూపిస్తాను. 1952లో లార్సన్, మిల్లర్ అనే ఇద్దరు ఇంజనీర్లు ప్రతిపాదించిన సూత్రాన్ని ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. కెల్విన్‌లలో ఉష్ణోగ్రతను, ఇరవైకి గంటల సంవర్గమానం (పది ఆధారంగా లాగరిథం) కలపగా వచ్చిన మొత్తంతో గుణిస్తే ఒక అంకె వస్తుంది. ఒకే ఒత్తిడి కింద ఆ అంకె స్థిరంగా ఉంటుంది. 850 డిగ్రీల దగ్గర ఒక బ్లేడు 48,000 గంటలు నిలుస్తుందనుకుందాం. లోహం 15 డిగ్రీలు ఎక్కువగా, అంటే 865 దగ్గర పనిచేస్తే అదే బ్లేడు సుమారు 22,700 గంటలకే చేతులెత్తేస్తుంది. 880 అయితే 11,000 గంటలు కూడా రాదు. ముప్ఫై డిగ్రీల తేడాకు ఆయుష్షులో నాలుగింట మూడు వంతులు పోయింది. తిరుగుతున్న బ్లేడు లోహపు ఉష్ణోగ్రతను మన విద్యుత్ కేంద్రాల్లో సాధారణంగా నేరుగా కొలవరు. బయటికి పోయే వాయువు వేడిని, కంప్రెసర్ పీడనాన్ని చూసి లోపలి వేడిని అంచనా కడతారు. ఆ అంచనాలో పదిహేను డిగ్రీల తేడా రావడం పెద్ద విషయం కాదు. అలాంటి అంకెను ఆధారం చేసుకుని రాసే ‘మరో 24,000 గంటలు నిశ్చింతగా వాడవచ్చు’ అన్న వాక్యానికి విలువ ఎంతో మీరే చెప్పండి.

ఆ ఉష్ణోగ్రత బ్లేడు లోపలే రాసి ఉంటుంది. చదవాలంటే మాత్రం కోయాలి.

కోసిన ముక్కను బేకలైట్‌లో బిగించి, వజ్రపు పొడితో అద్దంలా నునుపు చేసి, ఆమ్లంతో తేలిగ్గా కొరికించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడతాం. కొత్త బ్లేడులో గామా ప్రైమ్ అనే నికెల్-అల్యూమినియం కణాలు నిండుగా, ఒత్తుగా, చక్కగా అంచులు తీరిన చిన్న చిన్న ఘనాల్లా కనిపిస్తాయి. ఒక్కోటి అర మైక్రాన్ ప్రాంతంలో ఉంటుంది. వాటి మధ్య సందుల్లో ఇంకా సన్నటి గుండ్రటి కణాలు ఉంటాయి. లోహాన్ని సాగకుండా పట్టి ఉంచేది ఇవే. వాడిన కొద్దీ సన్న కణాలు కరిగి పెద్దవాటిలో కలిసిపోతాయి. పెద్దవి అంచులు పోయి గుండ్రబడి, పక్కవాటితో అతుక్కుంటాయి. కణం వ్యాసార్ధపు ఘనం గడిచిన కాలానికి అనుపాతంలో పెరుగుతుందని మనకు తెలుసు. పెరుగుదల వేగం ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుందనీ తెలుసు. కణం పరిమాణం, నడిచిన గంటలు చేతిలో ఉంటే ఆ చోట లోహం సగటున ఎన్ని డిగ్రీల దగ్గర పనిచేసిందో వెనక్కి లెక్కగట్టవచ్చు. పోల్చుకోవడానికి నమూనా కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. అదే బ్లేడును రోటర్‌లో (తిరిగే ఇరుసులో) బిగించే మొదలు, అంటే వేరు భాగం, చల్లగానే ఉంటుంది కాబట్టి, తయారైన నాటి రూపాన్ని చాలావరకు అక్కడే చూడవచ్చు.

అక్కడితో ఆగకూడదు. లోహపు రేణువుల సరిహద్దుల్లో విడివిడి చుక్కల్లా ఉండాల్సిన కార్బైడ్లు (లోహం, కార్బన్ కలిసిన గట్టి కణాలు) గీతలా కలిసిపోయాయా? పెళుసుదనం తెచ్చే సూదుల్లాంటి సిగ్మా దశ మొలిచిందా? పూతలో అల్యూమినియం నిల్వ ఉంచే బీటా పొర ఇంకా ఎంత మిగిలింది? అది అయిపోయాక పూత పేరుకే మిగులుతుంది. వీటన్నిటినీ చూసి, అదే బ్లేడు నుంచి చిన్న కడ్డీలు చెక్కి, వేడిలో బరువు వేలాడదీసి ఎన్ని గంటలకు తెగుతాయో పరీక్షించాలి. అప్పుడు మాత్రమే మిగిలిన ఆయుర్దాయం గురించి నోరు విప్పే అర్హత వస్తుంది. బోరోస్కోప్ అనే సన్నటి దర్శిని గొట్టం లోపలికి పంపి పైపైన చూడటం, రంగు ద్రవం పూసి పగుళ్లు వెతకడం, విద్యుత్ ప్రవాహంతో పగుళ్లు పసిగట్టే ఎడ్డీ కరెంట్ పరీక్ష, ఇవన్నీ అవసరమే. కానీ అవి పగులు పుట్టాక చెబుతాయి. పోత పోసిన నికెల్ బ్లేడులో పగులు కనబడేసరికి ఆయుష్షు చివరి అంకంలో ఉంటుంది.

ఏ బ్లేడు కోయాలన్నది కూడా అంతే ముఖ్యం. ఒక వరుసలో ఎనభై తొంభై బ్లేడ్లు ఉంటాయి. వాటి సగటు ఆయుష్షు మనకు అక్కరకు రాదు. అన్నిటికంటే బలహీనమైనది తెగితే మిగిలినవన్నీ దానితో పోతాయి, వెనుక వరుసలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. ఒక కేంద్రంలో, పేరు చెప్పను, విప్పిన బ్లేడ్లను బల్ల మీద వరుసగా పరిచినప్పుడు ఒకదాని వెనుక అంచు దగ్గర రంగు మిగతావాటికంటే వేరుగా ఉంది. నీలం మీద బూడిద మచ్చ, గోరంత. సన్నటి తీగ పెట్టి చూస్తే రెండు చల్లగాలి రంధ్రాల్లోకి అది దిగలేదు. అంతకు ముందటి మరమ్మతులో కొత్త పూత పూసినప్పుడు ఆ రంధ్రాల్లోకి పూత దిగి మూసుకుపోయింది. మరమ్మతు తర్వాత గాలి ప్రవాహం పరీక్షించినట్టు కాగితం ఒక్కటీ లేదు. కోసి చూస్తే, ఆ రంధ్రాల చుట్టూ గామా ప్రైమ్ కణాలు ఘనాల రూపమే కోల్పోయి ముద్దలు కట్టాయి. పక్క బ్లేడులో అదే చోట అవి ఇంకా బాగానే ఉన్నాయి. గంటల లెక్కలో రెండింటి వయసూ ఒక్కటే.

ఆ కేంద్రం వాళ్లు మొదట మాకు కోయడానికి ఇవ్వజూపిన బ్లేడు ఏదో తెలుసా? ఏదో ముక్క వచ్చి తగిలి కొన విరిగిన, ఎలాగూ పారేయాల్సిన బ్లేడు. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. మంచి బ్లేడు కోస్తే దాని చోట బరువు సరితూగే ఇంకొకటి తెచ్చి బిగించాలి, అది చవక కాదు. కానీ తుక్కు బ్లేడు దాని కథ మాత్రమే చెబుతుంది, మళ్లీ రోటర్‌లోకి ఎక్కబోయే వరుస కథ చెప్పదు. అందుకే బ్లేడును ఎంచుకునే అధికారం పరీక్షించే సంస్థకే ఉండాలి. యజమాని చేతిలో ఉండకూడదు. నా అభిప్రాయంలో ఈ నిబంధనకు ప్రాణం ఇక్కడే ఉంది.

మూలపడిన యంత్రాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆగి ఉన్న యంత్రానికి అరుగుదల ఏముంటుందని చాలామంది అనుకుంటారు. మా తీరంలో గాలి నిండా ఉప్పు, తేమ. గాలిలోని సోడియం, ఇంధనంలోని గంధకం కలిస్తే సోడియం సల్ఫేట్ ఏర్పడుతుంది. అది 884 డిగ్రీల దగ్గర కరిగి, బ్లేడును కాపాడే ఆక్సైడ్ పొరను తినేస్తుంది. మరో రకం తినివేత 650 నుంచి 750 డిగ్రీల మధ్యనే జరుగుతుంది. చల్లగా ఉంటుందని మనం పట్టించుకోని వేరు మెడ దగ్గర అది గుంటలు పెడుతుంది. యంత్రం ఆగినప్పుడు ఈ లవణాలు తేమను పీల్చుకుని అక్కడే కూర్చుంటాయి. లోపల పొడిగాలి తిప్పుతూ, రోటర్‌ను అప్పుడప్పుడు కదుపుతూ భద్రపరచిన యంత్రం ఒక రకం. తలుపులు మూసి తాళం వేసిన యంత్రం ఇంకో రకం. గంటల మీటరు రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది.

విమానయానంలో పరిస్థితి ఇలా లేదు. 2019 నవంబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఇండిగో సంస్థ ఏ320 నియో విమానాల ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లను, వాటి అల్ప పీడన టర్బైన్ మూడో వరుస బ్లేడ్లతో వచ్చిన సమస్యల దృష్ట్యా, మార్పు చేసిన ఇంజన్లతో భర్తీ చేయాలని గడువు పెట్టి ఆదేశించింది. సమస్య బయటికి వచ్చింది, నియంత్రణ సంస్థ కలుగజేసుకుంది, దేశమంతా చర్చించింది. నేల మీద నడిచే టర్బైన్‌లో బ్లేడు తెగితే అది యజమాని, బీమా సంస్థ, తయారీదారు మధ్య ఫైలుగా మిగిలిపోతుంది. పక్క జిల్లాలో అదే మోడల్ యంత్రం నడిపే ఇంజనీరుకు ఆ సంగతి చేరదు. ఆకాశంలో మూడు వందల ప్రాణాల లెక్క వేరు, ఒప్పుకుంటాను. కానీ టర్బైన్ హాలులో కూడా మనుషులే పనిచేస్తారు. పైగా గిరాకీ శిఖరాన ఉన్న సాయంత్రం ఒక పెద్ద యూనిట్ హఠాత్తుగా పడిపోతే గ్రిడ్ ఎలా ఊగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

విద్యుత్ చట్టం 2003లోని 73వ సెక్షన్ మీకు సాంకేతిక ప్రమాణాలు నిర్దేశించే బాధ్యత, ఉత్పత్తికి సంబంధించిన సమాచారం సేకరించి ప్రకటించే బాధ్యత, పరిశోధనను ప్రోత్సహించే బాధ్యత అప్పగించింది. ఏ యూనిట్ ఎందుకు ఆగిందో మీరు రోజూ ప్రకటిస్తున్నారు. దానికి తోడు బ్లేడ్ల చరిత్ర కూడా చేరాలి. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి గ్యాస్ కేంద్రం ఉపయోగకర జీవితకాలాన్ని ఒకప్పుడు 15 ఏళ్లుగా లెక్కించి, 2009 నిబంధనల నుంచి 25 ఏళ్లకు పెంచింది. అది టారిఫ్ కోసం వేసిన లెక్క. ఆ పదేళ్లు కాగితం మీద పెరిగాయి, బ్లేడు లోహంలో పెరగలేదు. ఆర్థిక జీవితకాలం పెంచినప్పుడు లోహపు జీవితకాలాన్ని పరీక్షించే నియమం కూడా వెంట రావలసింది.

పరీక్షలు ఎవరు చేస్తారని అడగవచ్చు. ఇందుకు విదేశాలకు పంపాల్సిన అవసరం లేదని గట్టిగా చెప్పగలను. ఒక్క హైదరాబాద్‌లోనే ఎంత శక్తి ఉందో చూడండి. రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల లోహమంతా ఒకే స్ఫటికంగా ఉండే (ఏకస్ఫటిక) టర్బైన్ బ్లేడ్లు పోత పోసి, హెలికాప్టర్ ఇంజన్ కోసం విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు 60 బ్లేడ్లు అందించిందని 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు. అలాంటి బ్లేడు పోయగలిగిన చోట, పాత బ్లేడు కోసి చదవలేరా? నికెల్ మిశ్రమలోహాలు తయారుచేసే మిధాని అక్కడే ఉంది. పూతల మీద పనిచేసే ఏఆర్‌సీఐ ఉంది. దశాబ్దాలుగా గ్యాస్ టర్బైన్లు తయారుచేసిన భెల్ సంస్థ రామచంద్రాపురం కర్మాగారం ఉంది. ఈ సంస్థలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, బ్లేడులో ఏయే ఎత్తుల దగ్గర కోయాలి, ఏం కొలవాలి, నివేదిక ఏ నమూనాలో ఉండాలి అన్నది ఖరారు చేయించగలిగిన స్థానం మీదే.

ఖర్చు గురించి అభ్యంతరం తప్పక వస్తుంది. ఒక బ్లేడు, కొన్ని వారాల ప్రయోగశాల పని ఒక పక్కన, మొత్తం రోటర్, నెలల తరబడి ఆగిన ఉత్పత్తి ఇంకో పక్కన పెట్టి చూడమంటాను. పైగా ఈ పరీక్ష ప్రతిసారీ బ్లేడ్లను తుక్కుకు పంపదు. చాలాసార్లు వాటిని బతికిస్తుంది. నష్టం కణాల స్థాయిలోనే ఉండి పగులు పుట్టకముందే పట్టుకుంటే, ఐఎన్-738 బ్లేడును 1,120 డిగ్రీల దగ్గర రెండు గంటలు, ఆ తర్వాత 845 డిగ్రీల దగ్గర ఇరవై నాలుగు గంటలు ఉంచే వేడి చికిత్సతో గామా ప్రైమ్‌ను చాలావరకు తిరిగి తీర్చిదిద్దవచ్చు. లోపలి సన్న ఖాళీలను అధిక పీడనం, వేడి కలిపి మూయవచ్చు. పాత పూత తీసి కొత్తది వేయవచ్చు. ఆలస్యమైతే ఈ దారులన్నీ మూసుకుపోతాయి. గడువు ముగిసిందని నిక్షేపంలాంటి బ్లేడ్లను పారేసి, విదేశీ మారకంతో కొత్తవి కొన్న సందర్భాలూ ఉన్నాయి. ఆ వృథా కూడా ఈ పరీక్షతో తగ్గుతుంది.

తయారీ సంస్థలు తమ డిజైన్ వివరాలు రహస్యమంటాయి. అడగవద్దు. మనకు కావలసింది మన దేశంలో, మన ఇంధనంతో, మన గాలిలో నడిచిన బ్లేడు స్థితి. అది యజమాని ఆస్తి. దాన్ని కోసి చూడటానికి ఎవరి డ్రాయింగూ అక్కర్లేదు.

నిబంధనతో పాటు ప్రతి బ్లేడ్ల వరుసకూ ఒక చరిత్ర పత్రం తప్పనిసరి చేయండి. సీరియల్ నంబర్లు, నడిచిన గంటలు, స్టార్ట్‌లు, ఏ లోడు దగ్గర ఎన్ని ట్రిప్‌లు, వాడిన ఇంధనం, ఆగి ఉన్న కాలం, ఆ కాలంలో భద్రపరచిన విధానం, చేసిన మరమ్మతులు, మరమ్మతు తర్వాత గాలి ప్రవాహ పరీక్ష ఫలితం అందులో ఉండాలి. ఓవర్‌హాల్‌లో ఒక యంత్రం బ్లేడ్లు ఇంకో యంత్రంలోకి మారుతుంటాయి. దివాలా ప్రక్రియలో కేంద్రాలు చేతులు మారుతున్నాయి. బ్లేడ్లు వెళ్లిన చోటికల్లా ఆ పత్రం కూడా వెళ్లాలి, లేకపోతే కొన్నవాడు గుడ్డిగా నడపాల్సి వస్తుంది. కోసి చూసిన నివేదికల సారాంశాన్ని యజమాని పేరు తీసేసి, యంత్రం మోడల్, ఇంధనం, తీరానికి దూరం ఆధారంగా మీరు ఏటా ప్రచురిస్తే, కొన్నేళ్లలో మన వాతావరణానికి సరిపోయే మన సొంత గణాంకాలు తయారవుతాయి.

వేసవి గిరాకీకి సిద్ధం చేసే ఓవర్‌హాల్‌లు ఎక్కువగా చలికాలంలో జరుగుతాయి. అప్పుడు రోటర్లు ఎలాగూ విప్పి ఉంటాయి, బ్లేడ్లు బల్ల మీదే ఉంటాయి. ఆలోగా ముసాయిదా నిబంధనను అభిప్రాయాల కోసం బయటపెట్టండి. బ్లేడును ఎంచుకునే పద్ధతి, కోయాల్సిన చోట్లు, చరిత్ర పత్రం నమూనాలపై నా సూచనలు రాతపూర్వకంగా పంపుతాను. ఈ రంగంలో పనిచేసిన మరికొందరు ఇంజనీర్లు కూడా ముందుకొస్తారని నమ్ముతున్నాను.

భవదీయుడు,
గ్యాస్ టర్బైన్ల నిర్వహణ, లోహ పరీక్షల రంగాల్లో పనిచేసిన ఒక ఇంజనీరు
రాజమహేంద్రవరం